తండా ఒకప్పుడు నడిచేది

కదిరి నుంచి గాండ్లపెంట వైపు వెళ్తుంటే దారి పొడవునా ఎర్రనేల, రాళ్ల గుట్టలు, ఆ గుట్టల మొదళ్లలో తండాలు. తండా అంటే సుగాలీలుండే పల్లె అని ఇక్కడ చిన్నపిల్లవాడైనా చెబుతాడు. ఆ మాటకు మొదటి అర్థం మాత్రం పల్లె కాదు. ఎద్దుల బిడారును తండా అనేవాళ్లు. వందల ఎద్దులు, పెద్ద తండా అయితే వేల ఎద్దులు, వాటి వీపులకు రెండు వైపులా వేలాడే పెరికెలు, ముందు నడిచే ఎద్దు మెడలో గంట, వెనక ఆడా మగా పిల్లాజెల్లా. పొద్దు గుంకే వేళకు నీళ్లున్న చోట పెరికెలు దించి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆ గోడ చాటున పొయ్యి రాజేసుకునేవాళ్లు. తెల్లవారితే మళ్లీ నడక.

నడిచే గుంపుకు పెట్టుకున్న పేరు ఇప్పుడు గుట్ట కింద ఒదిగి ఉన్న కొన్ని గడపలకు మిగిలింది. ఆ తండా ఎందుకు ఆగిపోయిందో, ఆగిన చోట రాళ్లు తప్ప ఏమీ ఎందుకు లేవో తెలిస్తే, ఈ ప్రాంతంలో పేదరికం తాత నుంచి మనవడికి ఎలా చేతులు మారుతూ వచ్చిందో చాలా వరకు తెలిసినట్టే.

సుగాలీలు, లంబాడీలు, బంజారాలు. ప్రాంతాన్ని బట్టి పేరు మారినా జనం ఒక్కటే, మాట్లాడే గోర్ బోలీ ఒక్కటే. రోడ్లు సరిగా లేని కాలంలో సముద్ర తీరం నుంచి ఉప్పు లోపలి సీమలకు, లోపలి సీమల నుంచి ధాన్యం తీరానికి వీళ్ల ఎద్దుల మీదే చేరేది. రాజులు యుద్ధానికి బయల్దేరితే సైన్యం వెనక వీళ్ల బిడారు నడిచేది. 1791-92లో టిప్పు సుల్తాన్ మీదికి వచ్చిన కార్న్‌వాలిస్ సేనకు తిండి గింజలు అందించిన వాళ్లలో వీళ్లున్నారు. ఆ తర్వాత ఆర్థర్ వెల్లస్లీ తన ఉత్తరాల్లో ‘బ్రింజారీల’ గురించి పదేపదే రాసుకున్నాడు. వాళ్లు రాకపోతే సైన్యం కదలదని ఆయనకు తెలుసు. హిందూపురం, పెనుకొండ సీమలు అప్పటికి మైసూరు ఏలుబడిలో ఉన్నాయి. ఆ దారులన్నీ ఈ ఎద్దుల గిట్టలకు తెలిసినవే.

ఇలాంటి పనే చిన్న ఎత్తున ఎరుకలవాళ్లూ చేసేవారు. అనంతపురం, బళ్లారి వైపు వాళ్లను కొరచలంటారు. గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు వేసుకుని ఊరూరా తిరిగి, ఉప్పిచ్చి గింజలు తీసుకునేవాళ్లు. బుట్టలు అల్లేవాళ్లు, ఎరుక చెప్పేవాళ్లు. ఊళ్లలో వాళ్ల రాక కోసం ఎదురుచూసేవాళ్లు ఉండేవారు.

రైలు వచ్చింది. 1871కల్లా మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరు దాకా పట్టాలు పడ్డాయి. 1890ల తొలినాళ్లలో ధర్మవరం నుంచి కదిరి మీదుగా పాకాల వైపు ఒక మార్గం, హిందూపురం మీదుగా బెంగళూరుకు మరొకటి. వంద ఎద్దులు రోజుల తరబడి మోసే బరువును ఒక్క గూడ్సు పెట్టె రాత్రికి రాత్రి మోసుకుపోయింది. ఉప్పు మీద కుంపిణీ కాలం నుంచీ ఉన్న సర్కారు గుత్తాధిపత్యం చిన్న వర్తకుడి నడ్డి విరిచింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి ఎద్దులు మేసే అడవికి కంచె వేసింది. ఈ మధ్యలోనే 1876-78 నాటి మహా కరువు. దత్తమండలాల్లో, అంటే ఈ సీమలో, లక్షల మంది ఆకలితో, కలరాతో పోయారు. పశువుల సంగతి చెప్పక్కర్లేదు. కరువు పనుల్లో మట్టి మోసిన మనిషికి రోజుకు ఒక పౌను గింజలు చాలని రిచర్డ్ టెంపుల్ అనే అధికారి లెక్కగట్టాడు. ఆ కూలికి ఆయన పేరే నిలిచిపోయింది.

ఎద్దు పోయాక బిడారు మనిషికి ఏం మిగిలింది? భూమి లేదు, ఇల్లు లేదు, ఏ ఊరి పుస్తకంలోనూ పేరు లేదు. కట్టెలు కొట్టి అమ్మారు. కూలికి పోయారు. ఆకలి మరీ ఎక్కువైన చోట కొందరు చేనులో కంకులు తెంపి ఉంటారు, మందలో మేకను తోలుకుపోయి ఉంటారు. వాళ్ల వ్యాపారాన్ని ఊడ్చేసిన సర్కారే అప్పుడు వాళ్ల వైపు చూసి ఒక తీర్పు చెప్పింది. నేరం వీళ్ల రక్తంలో ఉంది అని.

ఈ మాట కోపంలో అన్నది కాదు, చట్టంగా రాసుకున్నది. నేరస్థ జాతుల చట్టం 1871లో ముందు ఉత్తరాదికి వచ్చింది. 1911లో కొత్త రూపంలో మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించింది. 1924లో మళ్లీ సవరించారు. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టే దొంగ కొడుకు దొంగ అవుతాడన్నది దాని వెనక ఉన్న తర్కం. మన కుల వ్యవస్థను చూసి తెల్ల అధికారులు నేర్చుకున్న పాఠానికి, యూరప్‌లో అప్పుడు మోజుగా ఉన్న జాతి సిద్ధాంతం తోడైంది. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ మనుషుల ముక్కులూ తలలూ కొలిచి పట్టికలు వేశాడు, మద్రాసు పోలీసులకు ఆ విద్య మీద పాఠాలు కూడా చెప్పాడు. రంగాచారితో కలిసి ఆయన 1909లో తెచ్చిన ఏడు సంపుటాల గ్రంథంలో దక్షిణాది కులాలన్నీ అక్షర క్రమంలో వరుసగా ఉంటాయి. ఇప్పటికీ పరిశోధకులు దాన్ని తిరగేస్తారు. చాలా విలువైన సమాచారం ఉన్న మాట నిజమే. ఆ కొలతల టేపు ఎవరి మొహం మీద పెట్టారో మాత్రం మరిచిపోకూడదు.

చట్టం కింద ఒక జాతిని, లేదా ఒక గుంపును ‘నోటిఫై’ చేస్తే చాలు. ఇక అందులో పుట్టిన ప్రతివాడూ నేరం చేసినా చేయకపోయినా రిజిస్టరులోకి ఎక్కాల్సిందే. వేలిముద్రలు ఇవ్వాలి. చెప్పిన వేళకు గ్రామాధికారి ముందో పోలీసుల ముందో హాజరు పలకాలి. పక్క ఊళ్లో చెల్లెలి పెళ్లికి పోవాలన్నా పాసు కావాలి. పాసు లేకుండా కనిపిస్తే అదే నేరం. తల్లిదండ్రుల నుంచి పిల్లలను విడదీసి వేరే బడుల్లో పెట్టే అధికారం కూడా చట్టం సర్కారుకు ఇచ్చింది. తిరగడం మీదే బతికే జనానికి తిరగడమే నేరమైంది. తెలుగు నేల మీద ఎరుకలు, దొమ్మరులు, సుగాలీల్లో కొన్ని గుంపులు, దొంగ దాసరులు ఈ జాబితాలోకి చేరారు. ఒక కులం పేరు ముందు ‘దొంగ’ అని చేర్చి సర్కారు కాగితాల్లో రాయడాన్ని ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ పేరుతోనే సర్టిఫికెట్టు తెచ్చుకోవాల్సిన పిల్లవాడి గురించి ఆలోచించండి.

రిజిస్టరుకు ఎక్కిన ఎరుకల కుటుంబాలను ఒక చోట చేర్చి ‘బాగుచేసే’ పని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. అలా బాపట్ల దగ్గర 1913 ప్రాంతంలో స్టూవర్టుపురం పుట్టింది. ఆ పేరు మద్రాసు ప్రభుత్వంలో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్‌ది. అక్కడికి తెచ్చిన వాళ్లకు ఇచ్చిన భూమి చాలా వరకు నీళ్లు నిలిచే పల్లం. పొలం చాలకపోతే చీరాలలో పొగాకు కంపెనీ ఉంది. చెప్పిన వేళకు రావాల్సిన, చెప్పకుండా పోలేని కూలీలు ఆ ఫ్యాక్టరీకి అలా దొరికారు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ మొత్తం కథను పాత రికార్డుల్లోంచి తవ్వి 2001లో పుస్తకంగా తెచ్చారు. సంస్కరణ అన్న మాట వెనక కూలి లెక్కలు ఎలా ఉన్నాయో ఆమె చూపించారు.

స్వాతంత్ర్యం వచ్చింది. మద్రాసు రాష్ట్రం 1947లోనే ఆ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా పరిస్థితి చూడటానికి వేసిన కమిటీకి అధ్యక్షుడు మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. ఆ కమిటీ కూడా చట్టం పోవాల్సిందేనంది. 1952 ఆగస్టు 31న దేశమంతటా అది పోయింది. ఆ రోజును విముక్త జాతులు ఇప్పటికీ విముక్తి దినంగా జరుపుకుంటాయి. దేశానికి ఆగస్టు 15న వచ్చినది వాళ్ల దాకా రావడానికి ఇంకో ఐదేళ్ల పదహారు రోజులు పట్టింది.

చట్టం పోయిందే గానీ దాని నీడ పోలేదు. దాని స్థానంలో ‘అలవాటు నేరస్థుల’ చట్టాలు వచ్చాయి. పేర్లు మారాయి, పోలీసు స్టేషన్లో పాత జాబితాలు మారలేదు. ఊళ్లో ఎక్కడ దొంగతనం జరిగినా ముందు జీపు ఆగేది పలానా కాలనీలోనే అన్న సంగతి ఎరుకల కుటుంబాల్లో పెద్దవాళ్లను ఎవరిని కదిపినా చెబుతారు. పలు రాష్ట్రాల జైలు మాన్యువళ్లలో సంచార జాతులను, ఒకప్పటి ‘నేరస్థ జాతులను’ వేరుగా చూసే నిబంధనలు అలాగే ఉండిపోయాయి. సుకన్యా శాంత అనే పాత్రికేయురాలు సుప్రీంకోర్టు తలుపు తడితే 2024 అక్టోబరు 3న ఆ నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని కోర్టు చెప్పింది. 1871లో మొదలైన మాట 2024 దాకా ఏదో ఒక పుస్తకంలో బతికే ఉందన్నమాట. మధ్యలో స్టూవర్టుపురం పేరు పెట్టుకుని సినిమాలు వచ్చాయి, 1991లో వచ్చాయి, మొన్న 2023లోనూ ఆ ఊరి మనిషి కథతో వచ్చింది. తెర మీద హీరో ఈల వేయించుకుని ఇంటికి పోతాడు. ఆ ఊరి పిల్ల కాలేజీలో చేరి సొంతూరు ఏదని అడిగితే ఏం చెప్పాలో వెతుక్కుంటుంది. గుర్రం జాషువా కూతురు హేమలతా లవణం, ఆమె భర్త లవణం అక్కడ ఏళ్ల తరబడి పనిచేసి, నేరం వదిలేసిన వాళ్లకు దారి చూపించారు. వాళ్ల పని గురించి ఎంతమందికి తెలుసు? సినిమాల పేర్లు మాత్రం అందరికీ తెలుసు.

మళ్లీ గాండ్లపెంటకు వద్దాం. మచ్చ ఒక వారసత్వమైతే, రెండో వారసత్వం నేల.

1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషువాళ్లకు దత్తం చేశాక థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి రైతువారీ పద్ధతి పెట్టాడు. రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేంతగా ఆయన జనం మనసులో నిలిచాడు. ఆ గౌరవం అబద్ధమేమీ కాదు. అయితే పట్టాలు దక్కింది అప్పటికే నేలను పట్టుకుని ఉన్నవాళ్లకు. చెరువు కింద మడి, బావి పక్క తోట, నల్లరేగడి చేను ఎవరెవరివో అప్పుడే రాసైపోయింది. ఊరికి వెట్టి చేసిన మాదిగకూ మాలకూ, బిడారు వెంట నడిచిన సుగాలీకీ ఆ పుస్తకంలో చోటు లేదు. వందేళ్లు పైగా గడిచాక, భూమిలేని పేదకు సర్కారు భూమి పంచుదామన్న రోజు వచ్చేసరికి పంచడానికి మిగిలింది గుట్ట అంచు.

దామోదరం సంజీవయ్య సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. కర్నూలు దగ్గర పెదపాడులో పేద దళిత కుటుంబంలో 1921లో పుట్టారు. పుట్టిన కొద్ది రోజులకే తండ్రి పోయారు. అనంతపురం దత్తమండల కళాశాలలో చదువుకున్నారు. 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు, దేశంలో ఆ పదవి దక్కిన మొదటి దళితుడు ఆయనే. ఆయన పాలించిన రెండేళ్ల పైచిలుకు కాలంలో దాదాపు 6 లక్షల ఎకరాల బంజరు పేదల చేతికి వచ్చిందంటారు. తన చిన్ననాడు చూసిన ఆకలిని ఆయన కుర్చీ ఎక్కాక మరిచిపోలేదు.

రాయలసీమలో ఆ కాగితాన్ని డీకేటీ పట్టా అంటారు. తండాలో, ఎస్సీ కాలనీలో ఏ ఇంట్లో అడిగినా అది పెట్టె అడుగున ప్లాస్టిక్ కవరులో ఉంటుంది. మడతల దగ్గర చిరిగి, సిరా వెలిసి, తాసిల్దారు ముద్ర మాత్రం కనిపిస్తుంటుంది. మూడెకరాలో నాలుగెకరాలో. చేనులోకి వెళ్తే గట్ల మీద రాళ్ల కుప్పలు. తాత ఏరినవి అడుగున, తండ్రి ఏరినవి పైన, ఈ ఏడు వానకు తేలినవి ఇంకా చేనులోనే. నాగలి వేస్తే నేల కింద నుంచి గరగరమని చప్పుడు. మూడు తరాలు రాళ్లు ఏరితే ఆ చేను చేను అయింది. పక్కన చెరువు కింద పొలానికి ఆ మూడు తరాలు పంట పండించడానికే సరిపోయాయి. రెండు కుటుంబాల మధ్య ఇవాళ కనిపించే తేడాలో ఆ రాళ్ల బరువు ఎంతో ఏ ఆర్థిక సర్వేలోనూ లెక్కకు రాదు.

1977 నాటి చట్టం ఈ అసైన్డ్ భూములను అమ్మకూడదంది. పెద్దలు పేదల దగ్గర కొనేసుకోకుండా అది కాపలా. కాపలా ఉండగానే చాలా చోట్ల భూమి చేతులు మారింది, కాగితం మాత్రం పెట్టెలో మిగిలింది. ఇరవై ఏళ్లు దాటిన పట్టాలకు పూర్తి హక్కు ఇస్తూ 2023లో చట్టాన్ని సవరించారు. దాని మీద అక్రమాల ఆరోపణలు, నిలుపుదళ్లు నడిచాయి. అమ్ముకునే హక్కు వస్తే పేదకు మేలా, చివరి ఆధారం కూడా పోతుందా అన్న వాదన తేలిపోయేది కాదు. కూతురి పెళ్లికో, ఆసుపత్రికో ఒక ఎకరం అమ్ముకోగలగడం పక్క రైతుకు ఉన్న హక్కే. అదే హక్కు అసైన్డ్ రైతుకు వచ్చిన రోజున మొదట తలుపు తట్టేది రియల్ ఎస్టేట్ మనిషి. రెండూ నిజాలే. చట్టం రాసేవాళ్లు ఈ రెండింటినీ ఒకేసారి చూడాలి.

అసలే వాన తక్కువ. అనంతపురం ఉమ్మడి జిల్లాలో ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. లక్షల ఎకరాల్లో వేరుశనగ తప్ప వేరే పంట లేని కాలం చాలా ఏళ్లు నడిచింది. చెరువు కింద రైతు ఒక కరువును తట్టుకుంటాడు. గుట్ట అంచు రైతు మొదటి కరువుకే అప్పు చేస్తాడు, రెండో కరువుకు మూట కడతాడు. బెంగళూరు కట్టడాల పనికి, కేరళకు, కువైట్‌లో ఇంటిపనికి. గాండ్లపెంట, తలుపుల, నంబులపూలకుంట వైపు తండాల్లో ఉగాది దాటాక పెద్ద వయసు ఆడవాళ్లు, చిన్న పిల్లలే కనిపించే ఏడాదులున్నాయి. అమ్మానాన్నలతో వెళ్లిన పిల్లకు బడి పోతుంది. అవ్వ దగ్గర ఉండిపోయిన పిల్లకు అమ్మ పోతుంది. బెంగళూరులో అపార్టుమెంటు పునాది పక్కన రేకుల షెడ్డు వేసుకున్న ఆ కుటుంబాన్ని చూస్తే, బిడారు మళ్లీ బయల్దేరిందేమో అనిపిస్తుంది. ఈసారి ఎద్దులు లేవు, సరుకు లేదు, మోసేది ఇతరుల ఇటుకలు.

ఇంతగా వెనక్కి వెళ్లి చూడాలా, రెండు వందల ఏళ్ల నాటి సంగతి ఇవాళ్టి అన్నం ముద్దను తాకుతుందా అని అడిగేవాళ్లకు పెరూ దేశం నుంచి ఒక జవాబు ఉంది. స్పెయిన్ పాలకులు అక్కడ 1573 నుంచి 1812 దాకా ‘మితా’ అనే వెట్టిని నడిపారు. గీత గీసి, ఆ గీత లోపలి ఊళ్ల నుంచి మగవాళ్లలో ఏడో వంతును వెండి గనులకూ పాదరసం గనులకూ పంపాలన్నారు. మెలిస్సా డెల్ అనే ఆర్థికవేత్త ఆ పాత గీతకు అటూ ఇటూ ఉన్న ఊళ్లను పోల్చి 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. వెట్టి ఆగి రెండు వందల ఏళ్లు కావస్తున్నా, గీత లోపలి కుటుంబాల ఖర్చు బయటివాళ్ల కంటే దాదాపు 25 శాతం తక్కువ. పిల్లల్లో ఎదుగుదల లోపం ఎక్కువ. రోడ్లు తక్కువ, భూమి మీద హక్కు గట్టిగా పాదుకోలేదు. అక్కడి రైతుకు ‘మితా’ అనే మాట గుర్తుండి ఉండకపోవచ్చు. ఆయన ఊరికి రాని రోడ్డుకు మాత్రం అది గుర్తుంది.

ఇక మూడో వారసత్వం, అన్నిటికంటే పట్టుకోవడం కష్టమైనది.

రాయలసీమలో కొత్త మనిషి కనిపిస్తే పేరు, ఊరు అయ్యాక మూడో ప్రశ్న ఒకటుంటుంది. ‘మీరేమిట్లోళ్లప్పా?’ అని, అంటే ఏ కులమని. అడిగేవాడికి అది మామూలు పలకరింపు. జవాబు చెప్పాల్సిన వాడికి ఒక్కోసారి గొంతు పట్టేస్తుంది. ఈ ప్రశ్న మనిషిలో ఏం చేస్తుందో కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఒక ప్రయోగంతో చూపించారు. ఆరు, ఏడు తరగతుల మగపిల్లలు, అగ్రకులాల వాళ్లు, కింది కులాల వాళ్లు సగం సగం. కాగితం మీద గజిబిజి దారులు గీసి, బయటికి దారి కనిపెడితే ఇన్ని డబ్బులన్నారు. కులం ఊసెత్తనప్పుడు రెండు వర్గాల పిల్లలూ సమానంగా దారులు కనిపెట్టారు. వేరే గుంపుల్లో అందరి ముందూ ప్రతి పిల్లవాడి పేరు, తండ్రి పేరు, తాత పేరు, కులం చదివి అదే ఆట ఆడించారు. కింది కులాల పిల్లలు పూర్తి చేసిన దారులు బాగా తగ్గిపోయాయి. అలాంటి పిల్లలే, అదే తెలివి. తాత పేరు గట్టిగా చదివారు, అంతే.

ఇదే గాండ్లపెంట మండలంలో కటారుపల్లి ఉంది. వేమన సమాధి అక్కడే. కులం పేరు చెప్పి మనిషిని కొలిచేవాళ్లను ఆయన నిలదీసినంత గట్టిగా తెలుగులో మరొకరు నిలదీయలేదు. సి.పి. బ్రౌన్ ఆ పద్యాలు పోగుచేసి 1829లో అచ్చు వేయించిన నాటి నుంచి తెలుగు పిల్లలు బడిలో వాటిని బట్టీ పడుతూనే ఉన్నారు. ఏటా జనవరి 19న జయంతి జరుగుతుంది. ఆ సమాధి చుట్టుపక్కల పల్లెల్లోనూ తక్కిన సీమలో ఉన్నట్టే ఎస్సీ కాలనీ ఊరికి ఒక పక్కగా ఉంటుంది. హోటల్లో రెండు గ్లాసుల కాలం చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. వేమనను ఇంతగా ప్రేమించే జనం ఆయన మాటను ఇంటి గడప దాకా ఎందుకు రానివ్వలేదో, ఈ ప్రాంతం వాళ్లందరూ తమను తాము అడుక్కోవాల్సిన ప్రశ్న అది.

తండా పిల్లకు బడిలో ఇంకో అడ్డు భాష. ఇంట్లో గోర్ బోలీ, దానికి సొంత లిపి లేదు. ఒకటో తరగతిలో అడుగు పెడితే పంతులు తెలుగు, పుస్తకంలో తెలుగు, ఇప్పుడు చాలా చోట్ల ఇంగ్లీషు. రెండు మూడేళ్లు ఆ పిల్ల నోరు విప్పకపోతే మందబుద్ధి అనుకునే టీచర్లు ఉన్నారు, ఆ పిల్ల ఇంటి భాషలో నాలుగు మాటలు నేర్చుకుని దగ్గరికి తీసుకునే టీచర్లూ ఉన్నారు. ఏ టీచరు దొరుకుతారన్నది ఆ పిల్ల అదృష్టం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం, షెడ్యూల్డు తెగల్లో 49 శాతం.

ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలకు, ఎరుకలవాళ్లకు ఎస్టీ హోదా 1956లో వచ్చింది, తెలంగాణ లంబాడీలకు 1970ల్లో గానీ రాలేదు. హిందూపురం దాటి కర్ణాటకలో అడుగు పెడితే అదే జనం ఎస్సీ జాబితాలో ఉంటారు. అక్కడి బంధువుల పిల్లను కోడలిగా తెచ్చుకున్నవాళ్లకు ఈ తేడా సర్టిఫికెట్టు దగ్గర తెలుస్తుంది. ఒకే బిడారులో నడిచిన జనాన్ని రాష్ట్రాల గీతలు ఇలా రకరకాలుగా రాసుకున్నాయి.

అయినా కథ అంతా కిందికి జారిందే అనుకుంటే పొరపాటు. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్, ఆయన మొదలుపెట్టిన గ్రామీణాభివృద్ధి సంస్థ గురించి ఈ సీమలో కొత్తగా చెప్పక్కర్లేదు. దళితులకు, సుగాలీలకు ఇళ్లు కట్టించి ఇంటి ఆడమనిషి పేరున రాయించారు. బడి అయ్యాక సాయంత్రం చదువు చెప్పించారు. బత్తలపల్లిలో పెద్ద ఆసుపత్రి కట్టారు. పక్కా ఇల్లు అంటే నాలుగు గోడలే అనుకుంటారు చూసేవాళ్లు. పామూ పుట్రా భయం లేకుండా, వానకు పుస్తకం తడవకుండా పిల్ల రాత్రి చదువుకునే చోటు అది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది కూడా ఇదే ఉమ్మడి జిల్లాలో, నార్పల మండలం బండ్లపల్లిలో. కూలి రేటు ఎంతో ఒక ధర పడింది. భూస్వామి పిలిచిన రేటుకు పోకపోయినా పొయ్యి వెలుగుతుందన్న ధైర్యం వచ్చింది. ఆ పథకం కింద ఎస్సీ, ఎస్టీల అసైన్డ్ చేలల్లో గట్లు వేశారు, మామిడి మొక్కలు నాటారు. తాత ఏరిన రాళ్లు కొన్ని చోట్ల ఆ గట్లలోకి చేరాయి.

గురుకులాలు ఇంకో మేలి మలుపు. తాడ్వాయి గురుకులంలో చదువుకున్న మలావత్ పూర్ణ అనే లంబాడీ అమ్మాయి 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. తల్లిదండ్రులు నిజామాబాద్ జిల్లా పాకాల తండాలో వ్యవసాయ కూలీలు. ఆమెతో పాటు శిఖరం చేరిన ఆనంద్ కుమార్ ఖమ్మం వైపు దళిత కుటుంబం నుంచి వచ్చినవాడు. ఇలాంటి ఒకరిద్దరి పేర్లు చూపించి, కష్టపడితే ఎవరైనా ఎక్కగలరు, మిగతావాళ్లు కష్టపడలేదు అనేవాళ్లుంటారు. ఆ పిల్లలకు మంచం, అన్నం, టీచరు, శిక్షణ ఇచ్చిన బడి ఒకటుందన్న సంగతి వాళ్లు వదిలేస్తారు. బడి లేని తండాలోనూ పూర్ణ అంత గట్టి పిల్లలు పుడుతూనే ఉన్నారు.

ఫిబ్రవరి నడిమికి గుత్తి దగ్గర చెర్లోపల్లి వైపు వెళ్తే సేవాగఢ్‌లో జాతర కనిపిస్తుంది. సంత్ సేవాలాల్ 1739లో ఫిబ్రవరి 15న అక్కడే పుట్టారని సుగాలీల నమ్మకం. ఆయన తండ్రి భీమా నాయక్‌కు వేల పశువుల మంద ఉండేదని పాటల్లో చెప్పుకుంటారు. ఆ రోజుల్లో సీమ నుంచి, తెలంగాణ నుంచి, కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి జనం వస్తారు. ఒకచోట ఎస్టీ, ఒకచోట ఎస్సీ, ఇంకోచోట మరో జాబితా. అక్కడ మాత్రం అందరూ గోర్ బోలీలోనే పలకరించుకుంటారు. అద్దాలు కుట్టిన కాంచళి, ఫేట్యా కట్టిన ముసలమ్మలు ముందు నడుస్తుంటే, జీన్స్ వేసుకున్న మనవరాళ్లు వెనక ఫోనులో వీడియో తీస్తుంటారు. ట్రాక్టర్లు, టెంపోలు, బస్సులు చుట్టూ వరుసగా ఆగుతాయి, వాటి చాటున పొయ్యిలు వెలుగుతాయి. తెల్లవారాక ఒక్కో బండి తన తండా దారి పడుతుంది.